రాజుగారి గుండెల మీది ఏనుగు

శ్రావణ మాసం, గురువారం సాయంత్రం. తెల్లవారితే వరలక్ష్మీ వ్రతం. మా బెజవాడ వన్ టౌన్ ఇళ్లలో ఆ పూట వెండి, ఇత్తడి అంతా వసారాలోకి వచ్చేస్తుంది. దీపపు కుందులు, పంచపాత్ర, ఉద్ధరిణి, అమ్మవారి రూపు, వాటితోపాటు ఏడాదికోసారి బయటికొచ్చే పాత వెండి రూపాయలు. కాళేశ్వరరావు మార్కెట్లో కొన్న చింతపండు ఒక గిన్నెలో నానుతోంది. విబూది పొట్లం పక్కన ఉంది. మా ఆవిడ కుందులు తోముతోంది. మా మనవరాలు బుజ్జి సెలవు కలిసొచ్చిందని మా ఇంటికి వచ్చి, అమ్మమ్మ పక్కన చాప మీద చతికిలబడి రూపాయల పని పట్టింది.

"తాతయ్యా, ఇది చూడు, బొగ్గులా అయిపోయింది. దీనికి రెండుసార్లు విబూది పట్టించాలి."

నేను పేపరు పక్కన పడేసి లేచాను. "ఆగమ్మా, ఆగు. ఆ ఒక్కటీ ఇలా ఇయ్యి."

అది 1918 నాటి రూపాయి. అయిదో జార్జి బొమ్మ. మా అమ్మ పసుపు గుడ్డలో మూటగట్టి దాచిన ఏడింటిలో ఒకటి.

"దేవుడి దగ్గర పెట్టేది నల్లగా ఉంటే ఎలాగండీ?" అంది మా ఆవిడ. ఆ మాటలో న్యాయముంది. అందుకే వెంటనే జవాబు చెప్పలేదు. బల్ల సొరుగులోంచి భూతద్దం తెచ్చి బుజ్జి చేతిలో పెట్టాను. "రాజుగారి మెళ్లో పతకాల గొలుసు ఉంటుంది చూడు. అది దిగివచ్చే చోట, గుండెల మీద, ఏదో జంతువుంది. అదేంటో చెప్పు, అప్పుడు తోముదువుగాని."

ఆ జంతువుకో కథ ఉంది. 1911లో అయిదో జార్జి పేరున మొదటి రూపాయలు వచ్చినప్పుడు ఆయన అంగీ మీద ఒక ఏనుగును చెక్కారు. ఆవగింజంత బొమ్మ. తొండం సరిగా తేలలేదు. జనం చేతుల్లోకి వెళ్లేసరికి, అది ఏనుగు కాదు పంది అన్నారు. దేశమంతా గొడవైంది. ప్రభుత్వం ఆ రూపాయలను వెనక్కి తీసుకుని, 1912లో తొండమూ చెవులూ స్పష్టంగా కనపడేలా అచ్చు మార్చింది. ఆ 1911 రూపాయిని నాణేలు సేకరించేవాళ్లు ఇప్పటికీ 'పంది రూపాయి' అనే పిలుస్తారు. మందంలో వెంట్రుకవాసి తేడా, అంతే. అంత చిన్న తేడాకి దేశం దేశమే కదిలింది. ఆ వెంట్రుకవాసినే మనం విబూదితో తోమేస్తాం.

బుజ్జి భూతద్దంలోంచి చూసింది. "నల్లగా ఉంది తాతయ్యా, ఏం తెలియట్లేదు." సరే, ఆ నలుపు దగ్గరే మొదలుపెడదాం అన్నాను.

వెండి తుప్పు పట్టదు. దానికి ప్రాణవాయువుతో పెద్ద పేచీ లేదు. గంధకంతోనే దాని బంధుత్వం. కుళ్లిన గుడ్డు వాసన వేస్తుందే, హైడ్రోజన్ సల్ఫైడ్, ఆ వాయువు మన గాలిలో ఎప్పుడూ కొద్దో గొప్పో ఉంటుంది. మన ముక్కుకి తెలియనంత తక్కువగా ఉన్నా వెండికి తెలుస్తుంది. పక్కనే మురుగుకాలవలు, వంటింట్లో ఉల్లిపాయలు, గుడ్లు, నోట్ల కట్టకు చుట్టిన రబ్బరు బ్యాండు, ఉన్ని బట్టలు, అన్నిటా గంధకముంది. వెండి ఆ గంధకాన్ని పట్టుకుని సిల్వర్ సల్ఫైడ్ అవుతుంది. అదే నలుపు.

ఇక్కడ ఒక్క మాట జాగ్రత్తగా వినమన్నాను. ఆ నలుపు బయట్నుంచి వచ్చి నాణెం మీద కూర్చున్న మురికి కాదు. అందులో ఉన్న వెండి ఆ నాణెం వెండే. రాజుగారి బుగ్గ మీది వెండి, ఏనుగు తొండంలోని వెండి, గంధకంతో కలిసి రంగు మార్చుకుంది. దాన్ని గీకేస్తే పోయేది మురికి కాదు, బుగ్గ.

ఈ పూత మొదట మరీ పలచగా ఉంటుంది. అప్పుడు లేత పసుపు, తర్వాత కుంకుమ వన్నె, తర్వాత నెమలి కంఠం నీలం కనపడతాయి. వానలో బందరు రోడ్డు మీద స్కూటర్ ఆయిల్ చుక్క పడితే ఇంద్రధనుస్సు కనపడుతుందే, అదే శాస్త్రం. పూత పైనుంచి కొంత వెలుగు, అడుగునుంచి కొంత వెలుగు వెనక్కి వచ్చి కలిసినప్పుడు కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని చెరిగిపోతాయి. పూత మందమైతే రంగులన్నీ పోయి నలుపు మిగులుతుంది. కొన్నేళ్లు కాగితపు కవర్లో పడుండి, అంచు చుట్టూ నీలం, మధ్యలో బంగారు రంగు తేలిన రూపాయి కోసం సేకర్తలు ఎక్కువ డబ్బిచ్చి కొంటారు. దాన్నే ఎవరో పండక్కి తళతళలాడేలా తోమేసి తెస్తారు. నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఇంతకీ విబూదితో ఏం జరుగుతుందంటే, రాపిడి. గీత పడాలంటే గీసేది గీయించుకునేదానికన్నా గట్టిదై ఉండాలి. గట్టిదనానికి ఒకటి నుంచి పది దాకా మోస్ కొలత ఒకటుంది, వజ్రం పది. వెండి రెండున్నర, మూడు మధ్యలో. రాగి మూడు. ఇటుకపొడిలో ఇసుక రేణువులుంటాయి, వాటి గట్టిదనం ఏడు. ఇక మన డెల్టాలో తాతల కాలం నుంచీ గిన్నెలు తోమింది ఊకబూడిదతో. వరి ఊకను కాలిస్తే మిగిలే బూడిదలో నూటికి 85 పాళ్లకు పైగా సిలికానే, అంటే ఇసుకకు చుట్టం. ఇత్తడి గుండిగకి అది మంచి స్నేహితుడు. నాణేనికి ఆకురాయి. పళ్ల పేస్టు కూడా అంతే. పళ్ల మీది పాచిని గీకడానికి వేసే పొడి రాజుగారి ముక్కునీ గీకుతుంది.

అప్పుడే టంకశాలలోంచి వచ్చిన రూపాయిని దీపం కింద మెల్లగా తిప్పితే, వెలుగు గాలిమర రెక్కల్లా దాని మీద గిరగిరా తిరుగుతుంది. అది పాలిష్ వల్ల వచ్చిన మెరుపు కాదు. రెండు ఉక్కు అచ్చుల మధ్య బిళ్లను పెట్టి దెబ్బ కొట్టినప్పుడు వెండి ముద్దలా మధ్యలోంచి అంచుల వైపు పాకుతుంది. పాకిన దారులు కంటికి కనపడనంత సన్నని గీతలుగా మిగిలిపోతాయి. ఆ గీతల మీద పడి వెలుగు నాట్యమాడుతుంది. ఒక్కసారి తోమామంటే, ఒక్కసారి ఆమ్లంలో ముంచామంటే, ఆ దారులు చెరిగిపోతాయి. తోమిన నాణెమూ మెరుస్తుంది, కానీ స్టీలు గ్లాసులా నాలుగువైపులా ఒకేలా మెరుస్తుంది. తెలిసినవాడు దూరం నుంచే పోల్చుకుంటాడు. అమెరికాలో నాణేలకు దర్జా కట్టే ఎన్‌జీసీ, పీసీజీఎస్ సంస్థలు ఇలాంటి నాణేనికి మామూలు గ్రేడు ఇవ్వవు, 'కడిగినది' అని చీటీ మీద రాసేస్తాయి.

"చిన్న గీతలు పోతే మాత్రం ఏమైంది తాతయ్యా?" అంది బుజ్జి. నా జేబులోంచి మామూలు రూపాయి తీసి, సంవత్సరం కింద చూడమన్నాను. బుల్లి నక్షత్రం. అదుంటే హైదరాబాద్ టంకశాలది. వజ్రం గుర్తు ముంబయిది, చుక్క నోయిడాది, ఏ గుర్తూ లేకపోతే కలకత్తాది. అయిదో జార్జి వెండి రూపాయల్లోనూ బొంబాయివాటికి ఓ చిన్న చుక్క ఉంటుంది. ఆ చుక్క ఉండటం, లేకపోవటం వల్లనే కొన్ని సంవత్సరాల నాణేల ధర ఎక్కడికో వెళుతుంది. అది ఆ బిళ్ల పుట్టిన ఊరి చిరునామా. తోముడికి మొదట పోయేది అదే.

నేను ఈ సంగతి పుస్తకం చదివి నేర్చుకోలేదు. నా పదో ఏట మా తాతగారి అడ్డపెట్టెలో ఒక రాగి నాణెం దొరికింది. ఈస్టిండియా కంపెనీది. ఒక పక్క రెండు సింహాలు డాలు పట్టుకుని ఉంటాయి, వాటి కింద 1808 సంవత్సరం, రెండో పక్క పారశీక లిపి, ఇరవై కాసులన్న లెక్క. చాక్లెట్ రంగులో నున్నగా ఉండేది. నేను చింతపండూ ఇటుకపొడీ పెట్టి, పెరట్లో నూతి పళ్లెం మీద అరగంట తోమాను. పసిపాప అరికాలిలా ఎర్రగా వచ్చింది. వీధి వీధంతా చూపించుకొచ్చాను. నెల తిరిగేసరికి ఆ ఎరుపు మీద గోధుమ మచ్చలు, వేలిముద్రలు లేచాయి. చాలా ఏళ్ల తర్వాత నాణేలు తెలిసిన ఒక పెద్దమనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసేశాడు. "తాతగారిది కదా, దాచుకోండి" అన్నాడు. అంతకన్నా ఏమీ అనలేదు. సింహాల జూలు నేను అరగదీసేశాను మరి.

చింతపండు చేసిన పనేమిటో చూడండి. అందులో టార్టారిక్ ఆమ్లం దండిగా ఉంటుంది. రాగి గాలి తగిలి ఆక్సైడ్ అవుతుంది, ఎర్రటిదొకటి, నల్లటిదొకటి, రెండూ కలిసి గోధుమ రంగు తోలులా నాణేన్ని కప్పుతాయి. ఆ తోలు గట్టిగా అతుక్కుని, లోపలి రాగికి గాలి తగలకుండా కాపలా కాస్తుంది. ఆమ్లం వచ్చి ఆ కాపలాదారునే కరిగించేస్తుంది. పచ్చి రాగి బయటపడుతుంది. దానికి మళ్లీ తోలు కట్టుకోవాలనే తొందర. కానీ నూటయాభై ఏళ్ల నిదానంతో కట్టుకున్న తోలు, నెల రోజుల్లో మచ్చలు మచ్చలుగా కట్టుకున్న తోలు ఒకటవుతాయా? రాగి చెంబుని మనం వారానికోసారి తోముతాం కాబట్టి దానికి దిగుల్లేదు. నాణెం అలా కాదు.

ఆ ఇరవై కాసుల బిళ్లకు తోబుట్టువులున్నాయి. అవి ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో, ఆవిరి యంత్రాల మీద, మన మద్రాసు రాజధాని కోసం అచ్చయినవి. అప్పట్లో మన బెజవాడా ఆ రాజధానిలోదే. 1809 జనవరిలో అడ్మిరల్ గార్డ్నర్ అనే ఓడ ఈ పది కాసుల, ఇరవై కాసుల నాణేలను పీపాల నిండా వేసుకుని బయల్దేరి, ఇంగ్లండు తీరం కూడా దాటకుండానే గుడ్విన్ ఇసుకతిప్పల్లో తుఫానుకి మునిగిపోయింది. 1980లలో ఈతగాళ్లు వాటిని పైకి తీశారు. మన ఊరి సంతల్లో చేతులు మారవలసిన కాసులు దాదాపు పద్దెనిమిది దశాబ్దాలు సముద్రం అడుగున పడుకున్నాయన్నమాట. ఇంగ్లీషువాళ్లు ఈ చిన్న నాణేన్ని 'క్యాష్' అనటం నేర్చుకున్నది మన దక్షిణాది 'కాసు' నుంచే.

సముద్రపు నాణెం మాటొచ్చింది కాబట్టి చిలుము సంగతి చెప్పాలి. రాగి, కంచు నాణేల మీద ఆకుపచ్చ రెండు రకాలు. ఒకటి నున్నగా, గట్టిగా, ముదురాకు రంగులో గాజు పూతలా అతుక్కుని ఉంటుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువూ తేమా కలిసి కట్టిన కార్బోనేట్ పూత అది, మలకైట్ రాయి అన్నా ఇదే పదార్థం. దానివల్ల చెరుపు లేదు. అది నాణెం వయసు, వదిలేయాలి. రెండోది లేతాకుపచ్చ పొడి. అగ్గిపుల్లతో తాకితే రాలుతుంది, దాని కింద గుంట. ఇది రోగం. ఉప్పులోని క్లోరైడు రాగిలోకి దూరి, తేమ తగలగానే హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఆ ఆమ్లం ఇంకాస్త రాగిని తింటుంది, మళ్లీ క్లోరైడు తయారవుతుంది. ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చి మళ్లీ మొదలయ్యే చక్రం. గాలిలో తేమ 35 పాళ్లకు దిగువన ఉంటే దాదాపు నిద్రపోతుంది. మన కృష్ణ ఒడ్డున, శ్రావణ భాద్రపదాల్లో అంత పొడిగాలి ఎక్కడ దొరుకుతుంది? ఇలాంటి నాణెం కనపడితే ముందు దాన్ని మిగతావాటి నుంచి విడదీసి, సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో పెట్టి మూత బిగించండి. విలువైనదైతే మ్యూజియంలో పరిరక్షణ పని చేసేవాళ్లకు చూపించండి. దాన్ని ఇంట్లో బాగుచేద్దామని కూర్చోకండి.

బంగారానికి ఈ బాధలేమీ లేవు. 1889లో వినుకొండలో 15 రోమన్ బంగారు నాణేలు దొరికాయి. ఆ రోజుల్లో వినుకొండ మన కృష్ణా జిల్లాలోదే. రోము నుంచి ఓడల్లో వచ్చి మన మట్టిలో పదహారు వందల ఏళ్లకు పైగా పడున్న ఆ బంగారాన్ని గంధకమూ అంటుకోలేదు, ఉప్పూ అంటుకోలేదు. మట్టి కడిగితే చాలు. కాకపోతే మేలిమి బంగారం మెత్తన, గుడ్డతో రుద్దినా గీత పడుతుంది.

సీసం మాట వేరు. శాతవాహనులు మన కృష్ణా, గుంటూరు నేలల్లో సీసపు నాణేలు చలామణి చేశారు. ఓడ బొమ్మ ఉన్నవి కూడా దొరికాయి. సీసానికి వెనిగర్ లాంటి ఆవిరి పడదు. చెక్క సొరుగులో పెడితే, చెక్కలోంచి వచ్చే ఆ పుల్లటి ఆవిరికే తెల్లటి పొడిగా పుచ్చిపోతుంది. ఆ పొడి విషం. పిల్లల చేతికి సీసపు నాణెం ఇవ్వొద్దు.

ఈ మాటలన్నీ అయ్యేసరికి మా ఆవిడ కుందులన్నీ తోమేసింది. "కడగొద్దంటారు, తోమొద్దంటారు. మరేం చెయ్యమంటారు?" అంది. చాలా మటుకు ఏమీ చెయ్యకపోవటమే మంచిది. కానీ పైనున్న జిడ్డు, మట్టి, పాత కుంకుమ, ఇవి నాణెం సొంతం కావు. వాటిని దించవచ్చు. బుజ్జీ నేనూ ఆ పనికి కూర్చున్నాం.

ముందు వెడల్పాటి గాజు గిన్నె. అడుగున మడతపెట్టిన మెత్తటి తువ్వాలు, చేయి జారి పడితే అంచు సొట్ట పోకుండా. నీళ్లు మాత్రం కుళాయివి పనికిరావు. మున్సిపల్ నీళ్లలో క్లోరిన్, బోరు నీళ్లలో ఉప్పు, సున్నం. ఆరాక మచ్చలు పడతాయి, రాగి నాణేలకైతే రోగం అంటించినట్టే. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సీసా తెచ్చుకుంటే సరిపోతుంది. ఏసీలోంచి కారే నీళ్లు స్వచ్ఛమని కొందరు పడతారు. అవి గదిలో దుమ్మునంతా కడుక్కుని వచ్చే నీళ్లు, వద్దు.

నీళ్లలో గిన్నెలు కడిగే లిక్విడ్ ఒక్క చుక్క. నిమ్మ పులుపు కలిపినది కాకుండా సాదాది. సబ్బు అణువుకి ఒక కొస నీళ్లంటే ఇష్టం, రెండో కొస జిడ్డంటే ఇష్టం. జిడ్డుని చుట్టుముట్టి పైకి తేలుస్తుంది, లోహం జోలికి వెళ్లదు. ఒక గిన్నెలో ఒక్క నాణెమే. వెండినీ రాగినీ అల్యూమినియాన్నీ ఒకే నీళ్లలో వేస్తే, తాకినచోట చిన్న బ్యాటరీ తయారై, ఒకటి ఇంకోదాన్ని తినడం మొదలెడుతుంది. అరగంట, గంట నానాక అంచులు పట్టుకుని నీళ్లలోనే అటూ ఇటూ ఊపాలి. బొమ్మ మీద వేలు పెట్టకూడదు. అక్షరాల సందులో మట్టి ఉండిపోతే మళ్లీ నానబెట్టాలి, తొందరపడకూడదు. అప్పటికీ పోకపోతే తడిగా ఉండగానే గులాబీ ముల్లుతోనో, సన్నగా చెక్కిన వేపపుల్లతోనో మెల్లగా లేపాలి. పుల్ల లోహం కన్నా మెత్తన, దాని పరిధి దాటదు. సూదులూ, స్టీల్ పీచూ, టూత్‌బ్రష్షూ దూరం. తర్వాత రెండుసార్లు కొత్త డిస్టిల్డ్ నీళ్లలో ముంచి తియ్యటమే.

మూడో రూపాయి మీద పసుపు మచ్చ నీళ్లకు కదల్లేదు. ఏళ్ల తరబడి వ్రతాలకు పెట్టిన పసుపు. దాని రంగు పేరు కర్క్యూమిన్. అది నీళ్లలో కరగదు, అసిటోన్‌లో ఇట్టే కరుగుతుంది. చీర మీది పసుపు మరక ఎంత ఉతికినా పోదని అమ్మలకు తెలిసిందే కదా, కారణం ఇదే. అసిటోన్ లోహాన్ని తాకదు, జిగురు, మైనం, నూనె, రంగు వీటినే తీసుకుపోతుంది. అయితే గోళ్ల రంగు తుడిచే సీసాలో సెంటూ నూనే కలిపి ఉంటాయి, అది వద్దు. రసాయనాల దుకాణంలో దొరికే స్వచ్ఛమైనది కావాలి. గాజు గిన్నెలోనే పొయ్యాలి, కొన్ని ప్లాస్టిక్‌లను కరిగించేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం నిప్పు. దాని ఆవిరి చలిలో కూడా అంటుకుంటుంది. బుజ్జిని కూర్చోబెట్టి మరీ చెప్పాను. దేవుడి దీపం, అగరొత్తి, గ్యాసు పొయ్యి, ఏవీ వెలగని చోట, మేడ మీద ఆరుబయట, పెద్దవాళ్లు పక్కనుండగా మాత్రమే. పసుపు లేత రంగు మేఘంలా దిగి వచ్చేసింది. బుజ్జి చప్పట్లు కొట్టింది.

ఆరబెట్టడానికి ఉతికి ఉతికి మెత్తబడ్డ నా పాత పంచె ముక్క. రుద్దలేదు, మధ్యలో పెట్టి పైనుంచి అద్దాం. ఫ్యాన్ కింద గంట. తేమ అక్షరాల సందుల్లో దాక్కుంటుంది, అందుకే తొందరపడి డబ్బాలో పెట్టకూడదు.

మధ్యలో బుజ్జి ఫోన్లో చూసిన చిట్కా ఒకటి చెప్పింది. గిన్నెలో అల్యూమినియం కాగితం పరిచి, వంటసోడా వేసి వేడినీళ్లు పోసి వెండి వేస్తే, కంటిముందే తెల్లబడుతుందట. అది నిజమే, చాలా అందమైన రసాయనం కూడా. అల్యూమినియం గంధకాన్ని వెండి దగ్గర్నుంచి లాగేసుకుంటుంది, కుళ్లిన గుడ్డు వాసన గుప్పున వస్తుంది, నలుపుగా మారిన వెండి మళ్లీ వెండి అవుతుంది. అవుతుంది కానీ, తిరిగొచ్చిన వెండి తను లేచిపోయిన గీతలోకే వచ్చి కూర్చోదు. గుల్లగా, సుద్దముక్కలా వచ్చి అంటుకుంటుంది. పంచపాత్రకి చెయ్యి తల్లీ, ఉద్ధరిణికి చెయ్యి, ఎంతో బాగుంటుంది. విబూదితో గీకినదానికన్నా అదే నయం. నాణేనికి మాత్రం వద్దు. అల్యూమినియం నాణేలకైతే మరీ వద్దు. నా చిన్నప్పుడు వచ్చిన చతురస్రపు ఒక పైసా, ఆరు మూలల మూడు పైసలు, చుట్టూ గులాబీ రేకుల్లాంటి అంచున్న పది పైసలు, ఇవన్నీ అల్యూమినియమే. ఆ లోహానికి పులుపూ పడదు, చాకలిసోడా లాంటి క్షారమూ పడదు. రెండిటికీ కరిగిపోతుంది. ఒట్టి నీళ్లే దానికి గతి.

దాచటం గురించి ఎక్కువ చెప్పను. మెత్తటి పారదర్శక ప్లాస్టిక్ కవర్లు చాలామటుకు పీవీసీ. ఏళ్లు గడిస్తే అందులోంచి ఆమ్లమూ, మెత్తదనం కోసం కలిపిన నూనె లాంటి ద్రవమూ ఊరి నాణెం మీద పచ్చటి జిగురు కడతాయి. గలగలలాడే గట్టి పాలిస్టర్ కవర్లు కొనండి. రబ్బరు బ్యాండ్లు, వార్తాపత్రిక ముక్కలు, వెల్వెట్ సంచులు వద్దు. మా అమ్మ కట్టిన పసుపు గుడ్డ మూటని మాత్రం వేరే డబ్బాలో ఉంచాను. నాణేలు అందులో లేవు, మూట ఉంది.

ఇంకో సంగతి. పుష్కరాల రేవులోనో, రైలు వంతెన కిందో తాడుకి అయస్కాంతం కట్టి చిల్లర లాగే కుర్రాళ్లను చూశాను. అయస్కాంతానికి పట్టుకునేవి ఈనాటి స్టీలు బిళ్లలూ, వెనకటి నికెల్ రూపాయలూ. వెండీ రాగీ దానికి చిక్కవు, బురదలోనే ఉండిపోతాయి. గాలాడని ఆ బురదలో గంధకం జాస్తి, అందుకే ఏటి అడుగు నాణేలు నల్లగా వస్తాయి. నేలలోంచి నిజంగా పాతకాలపు మూట ఏదైనా దొరికితే దాన్ని కడగనే కూడదు. పది రూపాయల విలువ దాటిన నిక్షేపాన్ని కలెక్టరుకి తెలియజెయ్యాలని 1878 నాటి చట్టం చెబుతోంది. చట్టం మాట అటుంచినా, ఆ మట్టిలోనే చరిత్రకారులకు సగం సమాచారం ఉంటుంది. ఏ నాణెం ఏ నాణేన్ని ఆనుకుని ఉంది, ఏ గుడ్డ పోగు అంటుకుని ఉంది, ఇవన్నీ మొదటి కడుగుతో పోతాయి.

రాత్రి తొమ్మిదైంది. ఏడు రూపాయల్లో అయిదింటిని ఎప్పుడో మా ముందువాళ్లే తోమి తోమి నున్న చేశారు. వాటిని పూజకు ఉంచేద్దామన్నాను. వాటికి కావలసింది భక్తి, పంచామృతాలు పోసినా ఫరవాలేదు. 1968 నుంచి వచ్చిన తామరపువ్వు ఇరవై పైసలు కూడా మా ఆవిడ నూట ఎనిమిది పోగుచేసింది, లక్ష్మీపూజకు అవి ఉన్నాయి. మిగిలిన రెండు రూపాయలకు మాత్రం ఇక విబూది లేదు.

"అవునుగానీ, మీ అమ్మగారు ముట్టుకున్న రూపాయి అది. ఏడాదికోసారైనా అమ్మవారి ముందుండాలండీ," అంది మా ఆవిడ. కాదనలేకపోయాను.

బుజ్జి ఇంకా దీపం కింద భూతద్దంతో ఉంది. జిడ్డు దిగిపోయాక ఆ నలుపు నలుపు కాదని తేలింది. పల్లాల్లో ముదురుగా, మిట్టల మీద లేతగా, బొమ్మకి నీడ దిద్దినట్టుంది. "తాతయ్యా! ఏనుగే! తొండం కిందికి దిగి ఉంది!" అని అరిచింది. అమ్మమ్మ తడి చేతులు చెంగుకి తుడుచుకుని వచ్చి వంగి చూసింది. చాలాసేపు చూసింది.

మర్నాడు పొద్దున్న పూజలో చూస్తే, కలశం పక్కన ఒక తమలపాకు విడిగా ఉంది. దాని మీద గట్టి కవర్లో 1918 రూపాయి. పసుపూ కుంకుమా బొట్టు పెట్టే ఉన్నాయి, ఆకు మీద.